ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఎవరిది?

రాష్ట్రం కంటే విశ్వవిద్యాలయమే ముందు పుట్టింది. 1926 ఏప్రిల్ 26న బెజవాడ కేంద్రంగా ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రారంభమయ్యేనాటికి పరిపాలనా పటంలో ఆంధ్ర అనే రాష్ట్రమే లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం నుంచి చిత్తూరు దాకా పరచుకున్న తెలుగు జిల్లాలవారు రాష్ట్రం అడిగితే ప్రభుత్వం ముందుగా విశ్వవిద్యాలయం ఇచ్చింది. రాష్ట్రం రావడానికి మరో 27 ఏళ్లు పట్టింది. అందుకే ఈ సంస్థ నూరేళ్ల చరిత్రను భవనాల లెక్కగా, పట్టాల లెక్కగా చూస్తే సగమే తెలుస్తుంది. ఈ విశ్వవిద్యాలయం ఎవరిది, ఎవరికి దగ్గర, ఎవరికి దూరం అన్న ప్రశ్న పుట్టిననాడే మొదలైంది. అది నేటికీ తేలలేదు.

1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది మొదలు ప్రత్యేక రాష్ట్రంతోపాటు ప్రత్యేక విశ్వవిద్యాలయం కావాలన్న మాట బలపడుతూ వచ్చింది. అప్పటిదాకా తెలుగు విద్యార్థి చదువుకు, పరీక్షకు, పట్టాకు 1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయమే దిక్కు. జస్టిస్ పార్టీ ప్రభుత్వంలో విద్యామంత్రిగా ఉన్న బరంపురం వాసి ఎ.పి. పాత్రో బిల్లు తెచ్చారు, శాసనం అయింది. కట్టమంచి రామలింగారెడ్డి తొలి ఉపకులపతి అయ్యారు. ఇంతవరకు అందరూ ఒక్కమాట మీద ఉన్నారు. కేంద్రం ఎక్కడ అనేసరికి మాట విడిపోయింది. బెజవాడ అన్నారు, రాజమహేంద్రవరం అన్నారు, అనంతపురం అన్నారు, చివరికి 1930 సెప్టెంబరు 5న విశాఖపట్నంలోని వాల్తేరుకు తరలించారు. సముద్రం ఒడ్డున, ఎత్తయిన నేల మీద చక్కని ఆవరణ దొరికింది. మడకశిర పిల్లవాడికి మాత్రం మద్రాసే దగ్గరగా మిగిలింది. దత్తమండలాల కళాశాలలు తిరిగి మద్రాసు విశ్వవిద్యాలయం గూటికే చేరాయి. రాయలసీమ అన్న పేరు ఆ ప్రాంతం తనకు తాను పెట్టుకున్నదీ ఆ రోజుల్లోనే, 1928లో. తొలి ఉపకులపతి స్వయంగా చిత్తూరు జిల్లా మనిషి కావడం ఈ కథలోని విచిత్రం.

ఆ అలక చిన్నది కాదు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో నదీజలాలు, రాజధాని, హైకోర్టు వంటి అంశాల సరసన విశ్వవిద్యాలయం కూడా ఉంది. వాల్తేరుతోపాటు అనంతపురంలోనూ ఆంధ్ర విశ్వవిద్యాలయ కేంద్రం ఏర్పడాలన్నది అందులోని మాట. ఆ మాట కాగితం మీదే నిలిచిపోయింది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో వచ్చింది; అనంతపురానికి సొంత విశ్వవిద్యాలయం దక్కింది 1981లో. అంటే ఒడంబడిక తరువాత 44 ఏళ్లకు. ఒక తరం చదువు పూర్తయి, రెండో తరం చదువు ముగించి, మూడో తరం బడిలో చేరేటంత కాలం. ప్రాంతాల మధ్య అపనమ్మకం ఎలా పెరుగుతుందో తెలియాలంటే నీళ్ల లెక్కలతోపాటు ఈ లెక్క కూడా చూడాలి.

అయినా వాల్తేరులో జరిగిన పని తక్కువది కాదని ఒప్పుకోకపోతే న్యాయం కాదు. 1931 నుంచి 1936 దాకా ఉపకులపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ దేశమంతటా వెతికి అధ్యాపకులను తెచ్చారు. హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ, వి.కె.ఆర్.వి. రావు, టి.ఆర్. శేషాద్రి ఇక్కడ పాఠాలు చెప్పినవారే. 1933లో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి ఉపన్యసించారు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు శాశ్వతంగా ఇచ్చే ఏర్పాటు చేయగా, సైన్సు, సాంకేతిక కళాశాలకు ఆయన పేరే పెట్టారు. తరువాత ఆయన సంస్థానం ఒడిశాలో కలిసిపోయింది, విరాళం మాత్రం తెలుగువారి చదువుకు నిలిచింది. 1942లో విశాఖపై జపాను బాంబులు పడినప్పుడు విశ్వవిద్యాలయం మూటాముల్లె సర్దుకుని గుంటూరుకు వెళ్లి, యుద్ధం ముగిశాక తిరిగి వచ్చింది.

స్థానిక విశ్వవిద్యాలయం అనగానే స్థాయి తగ్గినట్టు మాట్లాడేవారికి ఒక ఉదాహరణ చాలు. అమెరికా సముద్రశాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ 1950లలో ఇక్కడికి వచ్చి, ఇక్కడి శాస్త్ర శాఖలవారితో కలిసి బంగాళాఖాతాన్ని కొలిచారు. విశాఖకు ఎదురుగా నీటి అడుగున ఉన్న లోతైన లోయలలో ఒకదానికి ఆంధ్ర అని, మరొకదానికి ఇక్కడి భూగర్భశాస్త్ర ఆచార్యుడు మహాదేవన్ పేరు పెట్టారు. ఆ పేర్లు సముద్రశాస్త్ర గ్రంథాల్లో నేటికీ ఉన్నాయి. తమ కిటికీలోంచి కనిపించే సముద్రాన్నే ప్రశ్నగా చేసుకోవడం వల్ల వచ్చిన ఖ్యాతి అది. గణితంలో ఎం.ఎ. ఇక్కడ చదివిన సి.ఆర్. రావు సంఖ్యాకశాస్త్రంలో ప్రపంచానికి గురువైన సంగతి వేరే చెప్పనక్కర్లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి ద్రావిడ భాషల పరిశోధనకు పునాది పడిందీ ఈ ఆవరణలోనే.

అంతకంటే ఎక్కువ మంది జీవితాలను తాకినది మరొకటి ఉంది. దాన్ని ఉత్సవ సంచికల్లో చివరి పేజీల్లో వేస్తారు. 1972లో మొదలైన కరస్పాండెన్స్ కోర్సులు. పోస్టుమ్యాన్ తెచ్చే పాఠాల కట్టలు విప్పి, వంటింట్లో పని తెమిలాక రాత్రిపూట చదివి బి.ఎ. పాసైన గృహిణులు, పంచాయతీ ఆఫీసులో గుమాస్తాగా ఉంటూ ఎం.ఎ. రాసి లెక్చరర్లయినవారు ఈ పత్రిక పాఠకుల్లోనే ఎందరో ఉంటారు. వాల్తేరు దూరమన్న ఫిర్యాదుకు విశ్వవిద్యాలయం ఇచ్చుకున్న అసలైన జవాబు అదే. రెండో జవాబు పీజీ కేంద్రాలు. గుంటూరు కేంద్రం 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమైంది. గోదావరి జిల్లాలకు 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చింది. ఎచ్చెర్లలోని కేంద్రం 2008లో శ్రీకాకుళం జిల్లాకు సొంత విశ్వవిద్యాలయంగా మారింది.

సంఖ్య పెరిగింది, దూరం తగ్గింది. లోపల చెప్పేవారు మాత్రం తగ్గిపోయారు. విశ్వకళాపరిషత్తు చిహ్నాన్ని కౌతా రామమోహన శాస్త్రి గీశారు; దాని మీది ఉపనిషద్వాక్యం 'తేజస్వి నావధీతమస్తు'. అందులో 'నౌ' ద్వివచనం. మన ఇద్దరి చదువూ తేజోవంతం కావాలని అర్థం. ఇద్దరంటే గురువు, శిష్యుడు. ఇప్పుడు రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల్లో అనేక శాఖల్లో ఆ ఇద్దరిలో ఒకరి కుర్చీ ఖాళీ. ఆచార్యుడు పదవీ విరమణ చేస్తే ఆ పోస్టు ఆయనతోనే విరమించినట్టు అవుతోంది. గంటల లెక్కన వచ్చే గెస్టు ఫ్యాకల్టీ, ఏడాదికోసారి రెన్యువల్ కోసం చూసే కాంట్రాక్టు అధ్యాపకుడు తరగతులను మోస్తున్నారు. వారి శ్రద్ధను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు; వచ్చే జూన్‌లో తాను ఉంటాడో లేడో తెలియని మనిషి అయిదేళ్ల పరిశోధనకు విద్యార్థిని ఎలా చేర్చుకుంటాడు? బంగాళాఖాతం లోయలను కొలిచే పని ఒక్క సెమిస్టరులో అయ్యేది కాదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మూడు వేలకు పైగా పోస్టులకు 2023లో నోటిఫికేషన్లు ఇచ్చారు. అవి వ్యాజ్యాల్లో చిక్కుకుని ముందుకు సాగలేదు. రిజర్వేషన్ రోస్టరు దగ్గరో, అర్హతల నిబంధన దగ్గరో ప్రతిసారీ తెగిపోయే ఈ దారాన్ని ముందే సరిచూసుకుని వడకడం ఉన్నత విద్యాశాఖకు అసాధ్యమైన పనేమీ కాదు. 2023లోనే ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు, ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను తూచే జాతీయ సంస్థ నాక్ నుంచి, నాలుగుకు 3.74 పాయింట్లతో ఎ++ గ్రేడు వచ్చింది. గర్వించదగినదే. ఆ గ్రేడును వచ్చే తనిఖీ దాకా నిలబెట్టవలసింది ఎవరన్నదే ప్రశ్న.

డబ్బు సంగతీ దీనికి ముడిపడే ఉంది. ప్రభుత్వం ఇచ్చే బ్లాక్ గ్రాంటులో అధిక భాగం జీతాలకు, పింఛన్లకు సరిపోతుంది. మిగిలిన ఖర్చుకు సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు తెరవమంటారు. ఫీజు తెచ్చే కోర్సు బతుకుతుంది, చరిత్ర, తత్వశాస్త్రం, భాషాశాస్త్రం వంటివి చిక్కిపోతాయి. ఒక జమీందారు ఏటా లక్ష ఇవ్వగలిగిన కాలం నుంచి, ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం విశ్వవిద్యాలయాన్ని 'నీ బతుకు నువ్వు బతుకు' అనే కాలానికి వచ్చాం.

ఇక ఉపకులపతి పదవి. 1930లో సత్యాగ్రహులపై ప్రభుత్వ నిర్బంధానికి నిరసనగా కట్టమంచి తన పదవిని వదులుకున్నారు. ఆరేళ్ల తరువాత విశ్వవిద్యాలయం ఆయన్నే తిరిగి పిలిచింది, 1949 దాకా ఉంచుకుంది. 2024లో ప్రభుత్వం మారగానే రాష్ట్రంలో ఉపకులపతులు వరసపెట్టి రాజీనామాలు చేశారు. నాటి రాజీనామా ప్రభుత్వానికి ఎదురు నిలిచినందుకు. నేటివి ఒక ప్రభుత్వంతో వచ్చి ఆ ప్రభుత్వంతోనే వెళ్లినందుకు. ఎవరు అధికారంలో ఉన్నా ఈ ఆనవాయితీ మారడం లేదు కనుక ఏ ఒక్క పార్టీనో నిందించి ఊరుకోలేం. అన్వేషణ కమిటీ సిఫారసు చేసినవారిని నిర్ణీత కాలం పూర్తయ్యేదాకా కదిలించబోమని రెండు పక్షాలూ శాసనసభలో చెప్పవచ్చు. అందుకు పైసా ఖర్చు లేదు.

శతాబ్ది ఉత్సవాల కార్యక్రమ పట్టికలో సభకు, సన్మానాలకు, పూర్వ విద్యార్థుల కలయికకు తేదీలు ఉంటాయి. వాల్తేరులో, ఎచ్చెర్లలో, అనంతపురంలో ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులు ఏ రోజుకు భర్తీ అవుతాయో ఆ తేదీని కూడా అదే పట్టికలో అచ్చువేయాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం.