సవరణ: కార్బన్ ఫైబర్ వయొలిన్ చవక కాదు

చెక్క తంత్రీ వాయిద్యాలకు ప్రత్యామ్నాయాల గురించి నిన్న రాస్తూ, "కార్బన్ ఫైబర్ వయొలిన్ చవక, ఒకసారి శ్రుతి చేస్తే చాలు" అన్నాను. రెండూ తప్పే.

కార్బన్ నార పొరలను అచ్చులో పరిచి, రెజిన్ (గట్టిపడే జిగురు) పట్టించి గట్టిపరచడం చాలావరకు చేతిపని. అందుకే మంచి కార్బన్ వయొలిన్, కొత్తగా నేర్చుకునేవారు కొనే మామూలు చెక్క వయొలిన్ కన్నా బాగా ఖరీదు. తక్కువ ఖర్చులో కావాలంటే ప్లైవుడ్ తరహా పొరల చెక్కతో చేసినవి చూడాలి. అచ్చుపోసిన ప్లాస్టిక్ ఉకులేలే (చిన్న గిటార్ లాంటి నాలుగు తీగల వాయిద్యం) కూడా ఫరవాలేదు. వర్షంలో తడిసినా బాధ ఉండదు.

ఇక శ్రుతి. తేమకు ఉబ్బేది, ఆరితే కుంచించుకుపోయేది చెక్క. కార్బన్‌కు ఆ బెడద దాదాపు లేదు. కానీ తీగలు వేడికి సాగుతాయి, చలికి బిగుస్తాయి. కాబట్టి బిరడాలు తిప్పక తప్పదు. ఇది తెలిసీ అలా ఎందుకు రాశానో!

మరొకటి: 1966లో వచ్చిన ఒవేషన్ గిటార్‌ను "పూర్తిగా ఫైబర్" అన్నాను. దాని గుండ్రటి వీపు మాత్రమే గాజునారది. పైపలక స్ప్రూస్ చెక్కే. హెలికాప్టర్లు తయారుచేసి, తర్వాత ఒవేషన్‌ను స్థాపించిన చార్లెస్ కామన్ కూడా మొదట్లో ఆ పలక జోలికి పోలేదు.