ఏటికి అటు జీతం, ఇటు కాపురం

రాత్రి తొమ్మిదిన్నర. రాజమండ్రి మెయిన్ రోడ్డులో బట్టల షాపు షట్టర్ దిగుతుంది. పొద్దుటి నుంచి నిలబడి చీరలు విప్పి, మడతపెట్టిన అమ్మాయి ఖాళీ క్యారేజీ సంచిలో పెట్టుకుని అప్పుడు బయల్దేరుతుంది. ఇల్లు కొవ్వూరులో. మధ్యలో గోదారి. బస్సు దొరికిందా అని వాళ్లమ్మ ఫోను. షేర్ ఆటో మాత్రం ఇంకో ఇద్దరు ఎక్కితే గాని కదలదు.

కొవ్వూరు, నిడదవోలు నుంచే కాదు, ఇటు మండపేట, రావులపాలెం నుంచీ పనికోసం రోజూ ఈ ఊరికి వచ్చి పోయేవాళ్లున్నారు. టౌన్లో అద్దె కట్టలేక కొందరు, పెద్దవాళ్లనీ అరెకరం చేనునీ వదల్లేక కొందరు. జీతం చిన్నదైనా సొంతింట్లో సర్దుకోవచ్చు, పెరట్లో కరివేపాకైనా కొనక్కర్లేదు. ఆ మిగులంతా దారిలో పోయే గంటలతో చెల్లుకు చెల్లు.

కొవ్వూరువాళ్ల బతుకు 1974లో తెరిచిన రోడ్డు కమ్ రైలు వంతెనతో ముడిపడింది. 2023లో మరమ్మతులకని దాని మీద రాకపోకలు ఆపితే బళ్లన్నీ నాలుగో వంతెన చుట్టూ తిరిగాయి. పెట్రోలు ఖర్చు ఎవరి జేబులోంచి పోయిందో వేరే చెప్పాలా? పాత లెక్కలో కొవ్వూరుకి జిల్లా కేంద్రం ఏలూరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చాక ఇప్పుడు కలెక్టరాఫీసు పనికీ ఏరు దాటడమే. జనం ఎప్పటినుంచో వెళ్లే దారిని ప్రభుత్వం ఆలస్యంగా కాగితం మీదికి ఎక్కించింది, అంతే.

2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకి టికెట్ లేదు. మంచి పనే, మెచ్చుకుంటున్నాం. అయితే షాపు కట్టేసే వేళకి బస్సే లేకపోతే టికెట్ ఉంటేనేం, లేకపోతేనేం?

2027లో పుష్కరాలొస్తున్నాయి. పన్నెండేళ్లకోసారి పన్నెండు రోజుల పాటు వచ్చే జనం కోసం ఘాట్లు, పార్కింగు, ప్రత్యేక రైళ్లు అన్నిటికీ ప్లాన్లు గీస్తాం. 1997లో రిటైరైన పాత రైలు వంతెన హేవలాక్‌ని కూడా పర్యాటకులకి ముస్తాబు చేస్తామంటున్నారు. చూడముచ్చటగానే ఉంటుంది. మరి ఏడాది పొడుగునా రోజుకి రెండుసార్లు గోదారి దాటేవాళ్ల సంగతి? వాళ్లు మునకలు వెయ్యరు గనక లెక్కలోకి రారు కాబోలు.

మేం అడిగేది కొత్త వంతెన కాదు. ఒక సోమవారం పొద్దున ఏడు నుంచి పది దాకా, మళ్లీ రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా వంతెన రెండు కొసలా మనుషుల్ని నిలబెట్టి దాటేవాళ్లని లెక్కపెట్టించండి. ఆ లెక్క చూసి ఉదయం రైళ్ల వేళలు డ్యూటీలకి అందేలా సర్దండి. రాత్రి పదింటికి కొవ్వూరు మీదుగా నిడదవోలుకి ఒక పల్లెవెలుగు వెయ్యండి. రద్దీ ఎలా ఉంటుందో చూద్దామంటూ వారానికే ఆపెయ్యకుండా, కనీసం మూడు నెలలు తిప్పండి.