జెయింట్ వీల్‌కి గ్రీసు రాయొద్దు!

ఈ మధ్య తిరుపతిలో ఒక పెద్ద నష్టం జరిగింది, ఏ పేపర్లోనూ రాలా, ఏ టీవీలోనూ కనీసం కింద స్క్రోలింగ్ కూడా వేయలా. ఎండాకాలం వస్తే ఊళ్లో దిగే ఎగ్జిబిషన్‌లో పాత జెయింట్ వీల్ ఉండేది కదా, పెట్టెకొక రంగు పూసి, పైకి పోయేటప్పుడు కిర్రుమని కిందికొచ్చేటప్పుడు కర్రుమని అరిచేది, దాన్ని తీసేసినారు. దాని జాగాలో తళతళా మెరిసే కొత్తదొకటి దించినారు. ఎల్‌ఈడీ లైట్లు, సీటుకి బెల్టు, బెల్టుకి లాకు, లాకు సరిగ్గా పడకపోతే చక్రమే కదలదంట. సౌండ్ అనేది లేనే లేదు. ఇది మన నాగరికత మీద జరిగిన దాడి అని నేను తీవ్రంగా భావిస్తా ఉండా, ఊరికే భావించి వదిలేయకుండా తెలిసినోళ్లకంతా ఫోన్లు చేసి చెప్పినా కూడా.

"సేఫ్టీ ఉంటే మంచిదే కదా సార్, దాంట్లో నష్టమేముంది" అన్నాడు మా వీధి చివర టీ అంగడాయన. ఇట్లా లాజిక్ మాట్లాడేవాళ్ల వల్లే చరిత్ర అన్యాయమైపోతా ఉండాది.

అసలు పాత జెయింట్ వీల్ మనం ఎందుకెక్కేవాళ్లం? ఎత్తు కోసమా? ఎత్తు కావాలంటే ఘాట్ రోడ్డు బస్సులో కిటికీ సీటు చాలు. మనం ఎక్కింది ఆ నట్టు కోసం. ఎక్కినోళ్లకి తెలుసు, ప్రతి ఒక్కడికీ తన పెట్టె పైన, తలకి మూరెడు ఎత్తులో ఒక నట్టు కనపడేది, అది కొంచెం వదులుగా ఉండేది, పెట్టె ఊగినప్పుడల్లా అది కూడా ఓ పావు చుట్టు తిరిగినట్టు అనిపించేది. కింద నుంచి పైదాకా కళ్లు దాని మీదే. ఒళ్లో అడ్డంగా ఒక ఇనప కడ్డీ, దానికి గొలుసుతో వేలాడే ఒక పిన్ను, ఆ పిన్ను బెజ్జంలో పూర్తిగా దిగదు, సగంలో ఆగిపోతాది, ఆపరేటరన్న వచ్చి అరచేత్తో ఒక్క దెబ్బ వేసి "ఏం గాదు" అని పోతాడు. సేఫ్టీ మాన్యువల్ మొత్తం ఆ రెండు మాటలే. ఇప్పుడు కొత్త రైడ్ దగ్గర పెద్ద బోర్డు పెట్టినారు, గుండె జబ్బున్నోళ్లు, బీపీ ఉన్నోళ్లు, గర్భిణులు ఎక్కరాదని, పక్కనే పిల్లోళ్ల ఎత్తు కొలిచే స్కేలు ఒకటి. మన కాలంలో బీపీ ఉందో లేదో దిగినాకనే తెలిసేది.

కొత్తవాటిలో భయం కూడా కంపెనీవాళ్లే లెక్కేసి పంపిస్తారు, ఎన్ని సెకన్లు భయపడాల, ఏ మలుపు కాడ అరవాల, అరిచినప్పుడు మొహం ఎట్లా పెట్టినావో ఫొటో తీసి బయటికొచ్చేటప్పుడు అమ్మడం, అంతా ప్లానే. పాతదాంట్లో భయం లోకల్‌గా తయారయ్యేది. కింద డీజిల్ ఇంజన్ ఒక్కసారి దగ్గిందంటే పైనున్న పెట్టెలన్నిట్లో ఒకేసారి మాటలు ఆగిపోయేవి.

ఇంకో విషయం, ఇది బయటూరోళ్లకి చెప్పినా అర్థం కాదు. తిరుపతిలో జెయింట్ వీల్ పైన ఆగిందంటే ఎదురుగా కనపడేది శేషాచలం. రాత్రి పూటైతే కొండ మీద గాలిగోపురం లైట్లు, ఆ నామం వెలుగు. దర్శనం టోకెన్ లేదు, కంపార్ట్‌మెంట్‌లో కూర్చునేది లేదు, జరగండి జరగండి అని భుజం పట్టి లాగేవాళ్లు లేరు, పది రూపాయల టికెట్‌తో ఏడుకొండలు ఎదురుగా నిలబడేవి. పైన పెట్టె ఆగి, గాలికి అటూ ఇటూ ఊగి, పైనున్న ఆ నట్టు ఓ చిన్న శబ్దం చేసిందంటే, గోవిందా అనని మనిషిని నేను చూడలా. మా కాలేజీలో దేవుడు లేడని గంటలు గంటలు డిబేట్ చేసే ఒకాయన ఉండేవాడు, పైన ఉన్నంతసేపు కళ్లు మూసుకుని నామాలు చదివినాడు, దిగినాక మళ్లీ డిబేట్ మొదలుపెట్టినాడు, అది వేరే విషయం. ఆధ్యాత్మిక నగరంలో ఇంత సేవ చేసిన యంత్రాన్ని కేజీల లెక్కన పాత ఇనప సామాన్ల అంగడికి తోలేస్తారా?

ఆపరేటరన్న గురించి కూడా చెప్పాల. జనం ఆయన్ని ఊరికే లివర్ లాగేవాడనుకుంటారు. చక్రంలో ఒకపక్క పెట్టెలన్నీ నిండి రెండోపక్క ఖాళీగా ఉన్నాయనుకో, బరువు పక్క కిందికి లాగేస్తాది, ఇంజన్ మూలుగుతాది, ఖాళీ పక్క పైకెక్కి నిలబడిపోతాది. అందుకని ఆయన ఒక పెట్టె నింపి, అరచుట్టు తిప్పి, ఎదురు పెట్టె నింపుతాడు. చేతిలో తూకం లేదు, కాగితం లేదు, క్యూలో నిలబడినోళ్లని ఒక్క చూపు చూసి "మామా నువ్వు దీంట్లో, అమ్మే మీరు ముగ్గురూ ఆగండి" అని పంపకాలు చేసేవాడు. మా పెదనాయన కొంచెం భారీ మనిషి, ఆయన్ని ఎక్కించినాక ఎదురు పెట్టెలోకి ఒక కుటుంబాన్ని మొత్తం ఎక్కించినాడు, మా పెదనాయన ఆ అవమానం చాన్నాళ్లు మర్చిపోలా. ఈ నింపుడు కార్యక్రమంలో మొదట ఎక్కినోడు కాసేపు కింద, కాసేపు నడుమ, కాసేపు పైన వేలాడతా ఉంటాడు, అసలు రైడ్ అదే, తర్వాత గిరగిరా తిప్పేది ఉత్త ముగింపు. ఇప్పుడు కంప్యూటర్ తిప్పుతాది, ఎవురు ఎంత బరువున్నా దానికి పట్టింపు లేదు. మనిషి బరువుకి విలువే లేకుండా పోయింది.

మరణబావి సంగతి ఎత్తితే నాకు గొంతు పూడుకుపోతాది. చెక్కలతో కట్టిన గుండ్రటి గోడ, పైన అంచు చుట్టూ జనం, లోపల బైకులోడు కింద నుంచి చుట్లు కొడతా కొడతా పైకొచ్చేస్తాడు, వేగం తగ్గితే జారిపోతాడు కాబట్టి తగ్గించే ఛాన్సే లేదు. తర్వాత ఒక మారుతి 800. అది మన కాళ్ల కింద నుంచి పోతా ఉంటే చెక్కలు అదిరేది అరికాళ్లకి తెలిసేది, నోటు పట్టుకుని చెయ్యి చాపితే వాడు స్టీరింగ్ వదిలేసి వచ్చి లాక్కునేవాడు. ఇప్పుడు దాని జాగాలో చీకటి గదిలో కళ్లద్దాలు పెట్టి కుర్చీని కుదిపి, మొహాన నీళ్లు చల్లి 9డి అంటా ఉండారు. మిగతా డి లు ఏమిటని అడిగితే టికెట్ ఇచ్చే అబ్బాయి నా పక్క చూసినాడు, నేను వాడి పక్క చూసినా, అంతే.

ఈ దుఃఖం మనకొక్కళ్లకే అనుకోవద్దు. అమెరికాలో 1893లో చికాగో ఎగ్జిబిషన్‌లో ఫెర్రిస్ అనే ఇంజనీరు మొట్టమొదటి జెయింట్ వీల్ కట్టినాడు, 264 అడుగుల ఎత్తు, 36 పెట్టెలు, ఒక్కో పెట్టెలో 60 మంది. ఆ పెట్టె ఇక్కడుంటే ఒక్కదాంట్లో మన పెళ్లివారంతా పట్టేస్తారు. 1906లో దాన్ని డైనమైట్ పెట్టి పేల్చేసినారు. వియన్నాలో 1897 నాటిది మాత్రం ఇప్పటికీ తిరగతా ఉంది, ఎట్లా బతికిందంటే, 1916లో పీకేయడానికి పర్మిషన్ వచ్చినాక పీకే ఖర్చుకి డబ్బుల్లేక వదిలేసినారు. పురావస్తు శాఖలు చేయలేని పని ఖాళీ ఖజానా చేసింది. మన మున్సిపాలిటీల్లో ఆ సౌకర్యం ఎప్పుడూ ఉంటాది కాబట్టి ఈ విషయంలో నాకు కొంత ఆశ ఉంది.

అమెరికాలోనే ఫ్లోరిడా డిస్నీ పార్కులో 1998లో ఒక కప్ప దొరగారి రైడ్ తీసేస్తామంటే జనం ధర్నాకి దిగినారు, ఆగలా, తీసేసి ఒక ఎలుగుబంటి రైడ్ పెట్టినారు. ఆ కొత్త రైడ్ లోపల గోడ మీద ఒక చిన్న పటం పెట్టినారు, దాంట్లో కప్ప తన ఇంటి దస్తావేజు ఆ ఎలుగుబంటి కథలోని గుడ్లగూబ చేతికిస్తా ఉంటాది. అంటే రిజిస్ట్రేషన్ కూడా పక్కాగా అయిందన్నమాట. అక్కడే 2023 జనవరిలో స్ప్లాష్ మౌంటెన్ అనే నీళ్ల రైడ్ మూసేస్తే, ఆ కాలవ నీళ్లు సీసాల్లో పట్టి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టినారు జనాలు. మనవాళ్లు చదివి నవ్వినారు. నేను నవ్వలా. కపిలతీర్థం నీళ్లు సీసాలో పట్టుకుని పోయే ఊళ్లో పుట్టినోణ్ని, నాకు ఆ భక్తి అర్థమైంది.

మన దేశంలోనూ జరిగింది. ఢిల్లీలో అప్పు ఘర్ అనే ఆటల పార్కు 1984లో మొదలైంది, ఆసియా క్రీడల గుర్తుగా పెట్టిన ఏనుగు పేరు పెట్టినారు, 2008లో మూసేసినారు, స్థలంలో ఎక్కువ భాగం సుప్రీంకోర్టు విస్తరణకి పోయింది. ఒకప్పుడు పిల్లోళ్లు తిరిగిన జాగాలో ఇప్పుడు కేసులు తిరగతా ఉంటాయి. రాట్నమైతే కాసేపటికి ఆగేది.

ఇక మా వాట్సాప్ గ్రూపు. ఎవరో ఒక పాత జెయింట్ వీల్ ఫొటో పెట్టి "ఆ రోజులే వేరు" అన్నారు, అంతే, ఏడుపు బొమ్మలు, దండం బొమ్మలు, కవితలు. వీళ్లంతా ఎవరంటే, అదే జెయింట్ వీల్ కిందటేడాది దాకా నిలబడే ఉన్నప్పుడు, మైకులో ఆ మనిషి గొంతు పోయేట్టు "రండి బాబూ రండి" అని అరస్తా ఉంటే, ఢిల్లీ అప్పడం ఒక చేత్తో మిరపకాయ బజ్జీ ఇంకో చేత్తో పట్టుకుని దాని కింద నుంచి నడిచిపోయినోళ్లు. పిల్లోడు ఎక్కతానని ఏడిస్తే "తుప్పు పట్టింది నాయనా, వద్దు" అని లాక్కుపోయినోళ్లు. ఆ తర్వాత ఆదివారం అదే పిల్లోణ్ని మాల్‌కి తీసుకుపోయి ఆటల కార్డు రీఛార్జ్ చేయించి, ఆడగా మిగిలిన డబ్బులు వెనక్కి రావని తెలుసుకుని, మళ్లీ వచ్చేదానికి కారణం ఉండాల కదా అని ఇంకొంచెం రీఛార్జ్ చేయించినోళ్లు. తుప్పు ఉన్నంతకాలం తుప్పు, తీసేసినాక వారసత్వం.

తుప్పు ఊరికే తుప్పు కాదనేది కూడా మనకి తెలుసు. 2019 జూలైలో అహ్మదాబాద్ కాంకారియా దగ్గర లోలకం మాదిరి ఊగే రైడ్ విరిగి జనంతో సహా కిందపడింది, ఇద్దరు చనిపోయినారు, చాలామందికి ఎముకలు విరిగినాయి. అది ఎక్కినోళ్లు కూడా టికెట్ కొని నవ్వతానే ఎక్కింటారు. ఈ పేరా గ్రూపులో పెడితే ఒక్క బొమ్మ కూడా రాలా, ఎవరో వెంటనే గుడ్ నైట్ పెట్టేసినారు.

కాబట్టి అన్ని కోణాల్లో ఆలోచించి, పాత రైడ్ల అభిమానులం కొందరం కూర్చుని (ఎక్కువమంది జూమ్‌లో) కొన్ని డిమాండ్లు తయారుచేసినాము. కొత్త చక్రమే ఉండనీండి, బెల్టూ లాకూ కూడా ఉండనీండి, మేము మరీ మొండోళ్లం కాదు. గ్రీసు మాత్రం రాయొద్దు. పాపం కంపెనీవాళ్లు గ్రీసు రాయకుండా ఉండలేమంటే, పాత చక్రం శబ్దం రికార్డు చేసి ప్రతి పెట్టెకి ఒక స్పీకర్ పెట్టాల. తలకి మూరెడు ఎత్తులో ఒక నట్టు ఉండాల, గట్టిగానే బిగించి వెల్డింగ్ చేయండి, చూసేదానికి మాత్రం వదులుగా కనపడాల. "ఏం గాదు" అని చెప్పేదానికి ఒక మనిషిని పర్మినెంట్ పోస్టులో వేయాల, ఔట్‌సోర్సింగ్ కుదరదు, ఆ మాటలో నమ్మకం ఉండాలంటే నెలనెలా జీతం రావాల. పైన చక్రం ఆపినప్పుడు కొండ కనపడేట్టు పెట్టాల, ఎదురుగా ఎవురైనా అపార్ట్‌మెంట్ కట్టింటే పెట్టెని ఇంకో రెండు అంతస్తులు పైకి పెంచాల. టికెట్ పది రూపాయలే.

సంతకాలు బ్రహ్మాండంగా వచ్చినాయి. ఒక్క చిక్కొచ్చి పడింది, మొదటి రోజు ఎవురెక్కాల అనే దగ్గర. ఒకాయనకి మోకాళ్లు, ఒకాయనకి షుగరు, ఇంకొకాయనకి ఆ రోజే బెంగుళూరులో మనవడి పుట్టినరోజంట, డిబేట్లు చేసే ఆయనైతే ఫోనే ఎత్తలా. చర్చ చాలాసేపు జరిగినాక, ఎక్కే బాధ్యత యువత తీసుకోవాలని, కింద నిలబడి వీడియో తీసే బాధ్యత పెద్దలం తీసుకుంటామని ఏకగ్రీవంగా తీర్మానం చేసినాము.