ఒంటరితనానికి మూడంతస్తుల భవనం

ఎవరైనా నాలుగు మెట్లు ఎక్కితే ఓర్వలేనివాళ్లు మనలో ఎప్పుడూ ఉంటారు. సికింద్రాబాద్ వైపు ఒక బస్తీలో, నా అన్నవాళ్లు లేని పేదల కోసం పుట్టిన సేవాసంస్థ మూడంతస్తుల భవనం కట్టుకుంటే దానికీ గొణుగుడే. సంస్థ పేరు చెప్పను. చెబితే ఈ వ్యాసాన్ని కూడా వార్షిక నివేదికలో ‘మీడియా కవరేజీ’ కింద వేసుకుంటారు.

మొదట్లో పరిస్థితి ఘోరంగా ఉండేది. రిటైరైన ఆర్టీసీ కండక్టర్ ఒకాయన సాయంత్రమైతే చాలు, ఒంటిగదుల్లో బతికే వాచ్‌మన్లు, అడ్డా కూలీలు, పిల్లలు వదిలేసిన ముసలమ్మల దగ్గరికి వెళ్లి కూర్చునేవాడు. వాళ్లిచ్చిన చాయ్ తాగి, వాళ్ల గోడు విని, ఎవరికైనా జ్వరమొస్తే ఆటో ఎక్కించి గాంధీ ఆసుపత్రికి తీసుకెళ్లేవాడు. రసీదు లేదు, రిజిస్టర్ లేదు, ఒక్క ఫొటో లేదు. ఇంత అరాచకం ఎన్నాళ్లు సాగనిస్తాం?

అందుకే పెద్దమనుషులు పూనుకొని రిజిస్ట్రేషన్ చేయించారు. 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఎవరూ లేనివాళ్ల కోసం సంఘం పెట్టాలన్నా ముందు ఏడుగురు కావాలన్నమాట. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి వగైరా ఆరుగురు దొరికారు. లెక్క సరిపోవడానికి కండక్టర్ గారిని ఏడోవాడిగా వేశారు.

అసలు ఊపు 2014 ఏప్రిల్ తర్వాత వచ్చింది. పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలన్న నిబంధన అప్పుడే అమల్లోకొచ్చింది. కంపెనీవాళ్లు ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: “కూర్చుని మాట్లాడితే ఫొటోలో ఏం కనబడుతుంది?” న్యాయమైన ప్రశ్నే. దాంతో దుప్పట్ల పంపిణీ మొదలైంది. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది కాబట్టి దుప్పట్లూ మార్చిలోనే పంచుతారు. అప్పటికి ఎండలు ముదిరితే సంస్థేం చేస్తుంది? మొన్నటి ఫొటోలో ఒక దుప్పటిని పదకొండు చేతులు పట్టుకున్నాయి. తీసుకుంటున్న తాత ఏడని వెతికితే దుప్పటి వెనకాల కాళ్లు మాత్రం కనిపించాయి.

ఇప్పుడు సర్వే కూడా శాస్త్రీయంగా జరుగుతోంది. ట్యాబ్ పట్టుకున్న కుర్రాడు ఒక అవ్వ గుమ్మంలో నిలబడి, “అమ్మా, మీతో రోజుకు ఎంతమంది మాట్లాడతారు?” అని అడిగాడు.

“నువ్వు వచ్చినవ్ గద బిడ్డా. కూసో, చాయ్ పెడత.”

“చాయ్ వద్దమ్మా, ఇంకా చాలా ఇళ్లున్నాయి. ఓటీపీ వచ్చింది, చెప్పండి.”

అవ్వ ఫోన్‌కు రీచార్జ్ లేదు. కుర్రాడు ‘లబ్ధిదారు సహకరించలేదు’ అని నొక్కి పక్కింటికి పోయాడు. రీచార్జ్ ఉన్న అదృష్టవంతులకు వారం వారం సంస్థ నుంచి ఫోన్ వస్తుంది. రికార్డు చేసిన గొంతే అయినా చాలా ఆప్యాయంగా ఉంటుంది: “బాగున్నారా? బాగుంటే ఒకటి నొక్కండి.” బాగోలేకపోతే ఏది నొక్కాలో చెప్పేలోపు కాల్ కట్టవుతుంది. నివేదికలో మాత్రం అందరూ బాగున్నారు.

సర్కారు పద్ధతి మాత్రం తక్కువా? తెలంగాణలో 2017 నుంచి ఒంటరి మహిళలకు పింఛను ఇస్తున్నారు. వెయ్యితో మొదలై 2019లో 2,016 అయింది. అది మంచి పనే, నేను కాదనను. కాకపోతే ఈమెకు ఎవరూ లేరని చెప్పడానికి చుట్టుపక్కల నలుగురు ఉండాలి. ఇక ఒంటరి మగాళ్లు హరియాణా వెళ్లాల్సిందే. పెళ్లికాని పేదలకు, 45 నుంచి 60 ఏళ్లలోపు ఉంటే, నెలకు 2,750 ఇస్తామని అక్కడి ప్రభుత్వం 2023లో ప్రకటించింది.

మళ్లీ సంస్థ విషయానికొస్తే, కండక్టర్ గారిని ఇప్పుడు ఫీల్డుకు పంపడం లేదు. ఆయనకు మాట్లాడటంలో శిక్షణ సర్టిఫికెట్ లేదట. భార్య పోయింది, కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు, చేతికొచ్చే పింఛను మందులకే చాలదు. అందుకని ఆయనే లబ్ధిదారుగా చేర్చుకోమని దరఖాస్తు పెట్టుకున్నాడు. కమిటీ రెండు సార్లు కూర్చుని సానుభూతితో పరిశీలించి తిరస్కరించింది. కారణం స్పష్టంగా రాసిచ్చారు: అర్జీదారు రోజూ సాయంత్రం ఆఫీసు మెట్ల మీద మన వాచ్‌మన్‌తో గంటలకొద్దీ మాట్లాడుతున్నట్టు సీసీ కెమెరాలో రికార్డయింది, కావున ఒంటరి కాడు. వాచ్‌మన్‌కు కూడా డ్యూటీలో కబుర్లు చెబుతున్నందుకు మెమో ఇచ్చారు.