నీ బాంచెన్ కేబుల్ దొరా, మీ లోపల తీగలెన్ని?

హన్మకొండ,
ఆదివారం, పొద్దుగూకినాక

మహారాజశ్రీ మైక్రో యూఎస్‌బీ చార్జింగ్ కేబుల్ దొరవారి సముఖానికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. తమరు కూడా క్షేమమే, కళ్లారా చూస్తూనే ఉన్నాం. ఒక కొస కంప్యూటర్‌లో, ఇంకో కొస పాత నెక్సస్ 7 ట్యాబ్లెట్‌లో పెట్టుకుని మధ్యాహ్నమంతా బల్ల మీద తీరిగ్గా పడుకున్నారు. ట్యాబ్లెట్ తెర మీద యాండ్రాయిడ్ బొమ్మ పొట్ట తలుపు తెరుచుకుని వెల్లకిలా పడి ఉంది. కింద ఎర్రక్షరాల్లో ఫాస్ట్‌బూట్ మోడ్ అని రాసి ఉంది, అంటే కంప్యూటర్ నుంచి తీగ మీద హుకుం కోసం కాచుకున్న స్థితి. కంప్యూటర్‌లో ఆదేశాలు కొట్టే నల్ల కిటికీ తెరిస్తే ఒకే మాట: వెయిటింగ్ ఫర్ ఎనీ డివైస్, ఏదైనా పరికరం వస్తుందేమోనని ఎదురుచూపు. బయట ఎండ దిగింది, కరెంటు పోయి వచ్చింది, ఆ మాట మాత్రం మారలేదు.

మా అవసరం దొరవారికి తెలియంది కాదు. 2013 నెక్సస్ 7కు గూగుల్ ఇచ్చిన ఆఖరి యాండ్రాయిడ్ 6.0.1. తెరకు ఇప్పటికీ వంక పెట్టలేం, 1920 బై 1200, కూర్చుని పేపర్ చదువుకోవడానికి అంతకంటే ఏం కావాలి? కానీ పాత బ్రౌజర్ తెరిస్తే ఎన్నో సైట్లు సర్టిఫికెట్ సరిగా లేదని మొఖం మీదే తలుపేస్తున్నాయి. ఎన్నో సైట్లకు గుర్తింపు పత్రాలిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సర్టిఫికెట్లను పాత యాండ్రాయిడ్‌లు నమ్మడానికి ఆసరాగా ఉన్న క్రాస్ సంతకం (పాత నమ్మకస్తుడి హామీ) గడువు 2024 సెప్టెంబర్ 30న తీరిపోయింది. 7.1.1 కంటే పాత వెర్షన్లకు కొత్త మూల సర్టిఫికెట్ ఎవరో తెలియదు. ఫైర్‌ఫాక్స్ తన సర్టిఫికెట్లు తనే తెచ్చుకుంటుంది కాబట్టి దానితో కొంత నెట్టుకు రావచ్చు. మిగతా యాప్‌లలో కొన్ని నెట్టినా కదలవు. అందుకే పాతది తీసి, గూగుల్ కాక బయటివాళ్లు తయారుచేసే యాండ్రాయిడ్ రకం లైనేజ్ ఓఎస్ ఎక్కిద్దామన్న ఆశ.

అన్నీ గాలిలోనే వచ్చాయి దొరా. లైనేజ్ జిప్ వైఫై మీద దిగింది. ఆ జిప్‌ను ట్యాబ్లెట్‌లోకి ఎక్కించే టీడబ్ల్యూఆర్‌పీ రికవరీ దిగింది. కంప్యూటర్ నుంచి ట్యాబ్లెట్‌తో మాట్లాడే పనిముట్లు, ప్లాట్‌ఫామ్ టూల్స్, దిగాయి. ట్యాబ్లెట్ లేవగానే అన్నిటికంటే ముందు నడిచే బూట్‌లోడర్ తాళం మాత్రం గాలికి తెరుచుకోదు. 'ఫాస్ట్‌బూట్ ఓఈఎం అన్‌లాక్' అన్న మాట తీగ మీదే పోవాలి. మెమరీ కార్డుతో తప్పించుకుందామంటే నెక్సస్ 7కు ఆ అర లేనే లేదు. కంప్యూటర్ నుంచి యాండ్రాయిడ్‌కు ఆదేశాలిచ్చే ఏడీబీని వైఫై మీద నడపొచ్చు కదా అని ఎవరో ఒకరు సలహా పారేస్తారు. అది యాండ్రాయిడ్ లేచి తిరుగుతున్నప్పటి సంగతి. పైగా ఆ పాత వెర్షన్లలో దానికీ ముందు ఒకసారి తీగ తగిలించి 5555 పోర్టు తెరవాలి. బూట్‌లోడర్ దగ్గర ఆ వేషాలేం సాగవు. సామ్‌సంగ్ ట్యాబ్ ఉన్నవాళ్లు సిస్టమ్ ఎక్కించే ప్రోగ్రాములు ఓడిన్ వాడినా, హైమ్‌డాల్ వాడినా ఇదే గతి. మొత్తం పని తమరి చేతిలో పెట్టి, నీ బాంచెన్ కాల్మొక్త అని నిలబడ్డాం.

యూఎస్‌బీ 2.0 కేబుల్ అన్నాక లోపల నాలుగు తీగలుండాలి. ఎరుపు 5 వోల్టులు, నలుపు గ్రౌండ్, ఆకుపచ్చ డీ ప్లస్, తెలుపు డీ మైనస్. వాకిట్లోకి ఎవరో వచ్చారని కంప్యూటర్‌కు తెలిసే పద్ధతి ఇది: ట్యాబ్లెట్ తన లోపలి 1.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో డీ ప్లస్ తీగ వోల్టేజీని పైకి లేపుతుంది. అది చూశాకే కంప్యూటర్ 'ఎవరు నువ్వు' అని అడుగుతుంది, ట్యాబ్లెట్ తన పేరూ ఊరూ చెప్పుకుంటుంది. దొరవారిని బ్లేడుతో కోసి చూస్తే ఏముంది? ఎరుపు. నలుపు. అయిపాయె. పైన మాత్రం నూలు అల్లిక, మూతికి బంగారు రంగు, కవర్ మీద 2.4 ఆంపియర్ అని అచ్చు. ట్యాబ్లెట్ మధ్యాహ్నమంతా డీ ప్లస్‌ను లేపుతూనే ఉంది పాపం. ఆ తీగ ఉంటే కదా అవతలోడికి తెలిసేది.

రెండు తీగలతో పుట్టడం తమరి తప్పని ఎవరూ అనరు. తమరి తప్పు ఆ మెరుపు గుర్తు. ఫాస్ట్‌బూట్‌లోకి పోకముందు కేబుల్ తగిలించగానే బ్యాటరీ బొమ్మ మీద మెరుపు చూపించారు. చార్జింగ్ ఎక్కుతోందంటే కేబుల్ మంచిదేనని ఎవరైనా అనుకుంటారు. నిజానికి మెరుపుకు ఎరుపు, నలుపు చాలు. ఒక్క చుక్క కరెంటు కూడా పంపకపోయి ఉంటే మొదటి నిమిషంలోనే తీసి బయట పడేస్తుంటిమి. చచ్చిన కేబుల్‌ది నిజాయితీ. నువ్వు చావలే, బతకలే. సగం పనిచేసి మొత్తం అనుమానాన్ని ఊరి మీదికి తోలినవు.

అవును, ఇప్పటినుంచి నువ్వే. గారు, తమరు, దొర, గవన్నీ బందు.

నీ మీద అనుమానం రాకుంటే ఎవరి మీదికి పోతది? ముందుగాల డ్రైవర్ మీదికి. విండోస్‌ల డివైస్ మేనేజర్ తెరిచి 'యాండ్రాయిడ్ బూట్‌లోడర్ ఇంటర్‌ఫేస్' అని చేత్తో ఎంచుకోవాలని అందరు చెప్తరు. నిజమే, ఎంచుకోవాలె. గని పసుపు గుర్తు పెట్టుకోనన్నా అండ్ల ఒక పేరు కనపడాలె కదా, ఎంచుకునేందుకు! పేరే లేకపాయె. అయినా డ్రైవర్ తీసుడు, వేసుడు, రీస్టార్ట్ కొట్టుడు. డ్రైవర్ కాదంటే పోర్టు. పాత ట్యాబ్లెట్ల ఫాస్ట్‌బూట్‌కు నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టుతోని కొన్నిసార్లు నిజంగానే పొసగది, అందుకని బల్ల కిందికి దూరి క్యాబినెట్ వెనుక 2.0 పోర్టు వెతుకుడు. ఆడ కూడా గదే సప్పుడు లేని సంసారం. ఇగ మిగిలింది ట్యాబ్లెట్ మూతి. పిన్నులు అరిగినయేమో, దుమ్ము పట్టిందేమో అని దూది, స్పిరిట్ తెచ్చి తుడుసుడు. ఇంకో మెట్టు దిగినోళ్లు రిపేరు షాపుకు పోయి చార్జింగ్ పోర్టే మార్పిస్తరు. యాభై రూపాయల నీ పరువు కోసం మంచిగున్న ట్యాబ్లెట్‌కు ఆపరేషన్!

నిన్ను పట్టే ఉపాయం ఉన్నది, అందరికి తెలువాలె. లినక్స్‌ల సిస్టమ్ కబుర్లు చూపెట్టే 'డీమెసేజ్' ఎదురుగా తెరిచిపెట్టి కేబుల్ గుచ్చాలె. ఒక్క లైను కూడా రాకపోతే ముందుగాల పట్టుకోవాల్సింది నిన్నే. 'డివైస్ డిస్క్రిప్టర్ రీడ్, ఎర్రర్ -71' అని వస్తే తీగలు ఉన్నయి గని బాగలేవు, లేదా పోర్టు వదులైంది. విండోస్‌ల గదే సంగతి కోడ్ 43 అని వస్తది. పరికరం కనపడి 'నో పర్మిషన్స్' అంటే కేబుల్ తప్పేం లేదు, పరికరం వాడే అనుమతి ఇచ్చే యూడెవ్ రూల్ రాసుకుంటే అయిపోతది. 'అన్‌ఆథరైజ్డ్' అంటే ట్యాబ్లెట్ తెర మీద అనుమతి అడుగుతున్నది, ఓకే నొక్కాలె. అంటే తిట్టు వచ్చిన కాడ దారి ఉన్నది. మౌనం ఉన్న కాడ నువ్వున్నవు. ఈ పనంతా మొదలుపెట్టే ముందు ఇంకో సులువు: మంచిగున్న ఫోన్‌కు నిన్ను తగిలించి కంప్యూటర్‌కు కలిపితే 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' అన్న మాట రావాలె. రాలేదంటే నీ బండారం బయటపడ్డట్టే.

కొన్ని కేబుళ్ల ఒంటి మీద సన్నటి అక్షరాలు ఉంటయి: 28 ఏడబ్ల్యూజీ/1పీ, 24 ఏడబ్ల్యూజీ/2సీ. ఏడబ్ల్యూజీ అంటే తీగ మందం కొలత, 1పీ అంటే మెలేసిన డేటా జత ఒకటి, 2సీ అంటే కరెంటు తీగలు రెండు. 1పీ కనపడితే ఆశ పెట్టుకోవచ్చు, అచ్చు కొట్టినోడు అబద్ధం ఆడకుంటే. నీ ఒంటి మీద ఒక్క అక్షరం లేదు, అంతా అల్లికే. ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాకు కూడా లోపల్నుంచి గుప్పెడు తీసి చూసినంకనే ధర కడతరు. నిన్ను కొనేటోడు ఏది తీసి చూడాలె?

చౌరస్తా కాడ గొడుగు కింద నిన్ను అమ్మినాయన్ని అడిగితే జవాబు తయారుగనే ఉంటది.

'డాటా వస్తదా అన్నా?'

'అన్నీ వస్తయన్నా, ఒరిజినల్ పీస్.'

ఆయన్ని ఏమనాలె? ఆయనకు డబ్బాల వచ్చిందే ఆయన అమ్ముతుండు. కొన్న కేబుళ్ల కంటే ఇంట్ల ఉన్న కేబుళ్లే ఇంకా మోసం. ట్రిమ్మర్‌తోని ఒకటి వస్తది, నెక్‌బ్యాండ్‌తోని ఒకటి, టార్చ్‌లైట్‌తోని ఇంకొకటి. వాటికి డేటాతోని పనిలేదు, రెండు తీగలు సరిపోతయి, అండ్ల తప్పు పట్టేదేం లేదు. గని అన్నీ పోయి ఒకటే సొరుగుల పడి ఒకదాన్నొకటి చుట్టుకుంటయి. ఒకటే మూతి, ఒకటే రంగు. అవసరం పడ్డనాడు చెయ్యి పెడితే ముందుగాల చేతికి తగిలేది నువ్వే, నీ అదృష్టం గట్లుంటది.

నీకంటే పాపాత్ముడు ఒకడున్నడు, వాడి సంగతి కూడా చెప్పాలె. నాలుగు తీగలుంటయి గని వెంట్రుకంత సన్నం. 28 ఏడబ్ల్యూజీ తీగ మీటరుకు 0.21 ఓమ్‌ల మీద ఉంటది. మీటరు కేబుల్‌ల కరెంటు పోయి రావాలె కాబట్టి 0.43 ఓమ్‌లు. 1 ఆంపియర్ లాగితే 0.43 వోల్టులు దారిలనే ఆవిరి, ట్యాబ్లెట్‌కు చేరేది 4.57. అందుకే 3950 ఎంఏహెచ్ బ్యాటరీ నిండుడు ఆలస్యమైతది. దాని డేటా తీగలు అతుకు కాడ వదులైతే ఫ్లాష్ కొట్టుడు, అంటే కొత్త సాఫ్ట్‌వేర్ రాసుడు, మధ్యల 'స్టేటస్ రీడ్ ఫెయిల్డ్, టూ మెనీ లింక్స్' అని ఆగిపోతది. రికవరీ పంపేటప్పుడు తెగితే భయం లేదు, మళ్ల పంపితే అయిపోతది. బూట్‌లోడర్ ఇమేజ్ రాసేటప్పుడు తేడా వచ్చిందనుకో, ట్యాబ్లెట్ మళ్ల లేవకుంట ఇటుక అయ్యే ప్రమాదం ఉన్నది. అనుమానం ఉన్న కేబుల్‌తోని బూట్‌లోడర్ జోలికి పోవద్దు. నువ్వన్నా నయం, అసలు మొదలుకే రానియ్యవు.

నయం అన్న కదా, ఇంకొకటి కూడా ఒప్పుకోవాలె. కాజీపేట జంక్షన్ల బండి ఆలస్యమై, ఎవరు పెట్టిండ్రో తెలియని యూఎస్‌బీ పాయింట్‌కు ఫోన్ తగిలించాల్సి వస్తే నీ అంత నమ్మకస్తుడు లేడు. డేటా తీగలే లేనోని మీదికెళ్లి ఎవడు ఏం దొంగిలిస్తడు? గాడ కాపలా కాయి, చేతులెత్తి దండం పెడతం. ఇంటికి వచ్చినంక మాత్రం సొరుగుల ఎనుకకు పో. నీ రెండు మూతులకు ఎర్ర టేపు చుట్టి, మార్కర్ పెన్నుతోని 'కరెంటు మాత్రమే' అని రాస్తున్నం. ఇది శిక్ష కాదు, గుర్తింపు కార్డు. పుట్టించినోళ్లే రాసి ఉంటే మాకీ పని తప్పేది.

పక్కింటి పాత ఫోన్ డబ్బాల నాలుగు తీగల కేబుల్ దొరికింది. లావుగ, నల్లగ, ఏ అల్లికా లేకుండ ఉన్నది. గుచ్చిండ్రో లేదో 'ఫాస్ట్‌బూట్ డివైసెస్' కింద సీరియల్ నంబర్ వచ్చి కూసున్నది. డ్రైవర్ గదే, పోర్టు గదే, ట్యాబ్లెట్ గదే. అన్‌లాక్ కొడితే ట్యాబ్లెట్‌ల ఉన్నదంతా తుడిచిపెట్టుకు పోతదని తెర మీద అడిగింది, వాల్యూమ్ బటన్‌తోని ఎస్ మీదికి పోయి పవర్ నొక్కుడే. ఫొటోలు ఉంటే ముందే తీసిపెట్టుకోవాలె, తర్వాత ఏడిస్తే రావు. రికవరీ ఫ్లాష్ అయినంక మామూలుగ రీస్టార్ట్ చెయ్యొద్దు, ఆన్నుంచే వాల్యూమ్ బటన్లతోని రికవరీ మోడ్‌కు పోవాలె. లేకుంటే పాత యాండ్రాయిడ్ లేచి తన రికవరీ తాను మళ్ల రాసుకుంటది. జిప్ ఎక్కించేటప్పుడు ఎర్రర్ 7 వస్తే చాలాసార్లు పేరు తేడానే: వైఫై ట్యాబ్లెట్ 'ఫ్లో', సిమ్ ఉన్నది 'డెబ్', ఒకదాని ఫైల్ ఇంకోదానికి పడది. ఎర్రర్ 70 అంటే సిస్టమ్ పార్టిషన్‌ల జాగ సరిపోలే, పెద్ద గూగుల్ యాప్‌ల మూట దించి చిన్న మూట ఎత్తుకోవాలె. ఇవన్నీ కష్టాలే. గని ఏం తప్పైందో నోరు తెరిచి చెప్పే కష్టాలు.

ఇట్లు,
బల్ల కిందినుంచి ఇప్పుడే లేచిన మీ వినియోగదారులు

తా.క.: ఏడీబీ సైడ్‌లోడ్ (తీగ మీద జిప్ పంపుడు) 47 శాతం కాడ ఆగి 'ఫెయిల్డ్ టు రీడ్ కమాండ్: సక్సెస్' అని చెప్పింది. ఫెయిలా, సక్సెసా? సక్సెసే అంట, కొన్నిట్ల గట్లనే వస్తది, ఏం కాదు. అండ్ల నీ చెయ్యి లేదని తెలుసు. అయినా ఆ 47 కాడ ఆగినప్పుడు తిట్టింది నిన్నే.