ఓపీ చీటీ గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ ఓపీ చీటీ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీయే అయినా, నిన్న మధ్యాహ్నమంతా తమరిని చేతబట్టుకుని, అమ్మను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి రెండు అంతస్తుల మధ్య తిప్పిన తరువాత, మా వైపు కుశలమని రాయడానికి చేయి రావడం లేదు.

అమ్మకు సీఓపీడీ అని, అంటే గాలిదారులు ఇరుకై ఆయాసం తెచ్చే ఊపిరితిత్తుల జబ్బు అని, తమరి నుదుటనే రాసి ఉంది. ఆ పాత జబ్బుకు తోడు ఈమధ్య పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు. చీలమండ దగ్గర వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపు పూడదు. ఊపిరితిత్తుల విభాగం వారు ఆ గుంటను చూసి, ఇది గుండె వ్యవహారం, పైకి వెళ్లమన్నారు. పైవారు ఎకో అనే గుండె స్కానింగు తీసి, గుండె కుడిభాగం పెద్దదైందని తేల్చి, దీనికి మూలం ఊపిరితిత్తుల్లోనే ఉంది కనుక కిందికి వెళ్లమన్నారు. ఇద్దరూ చెప్పింది నిజమే కావడం వల్ల ఎవరితోనూ పోట్లాడే వీలు కూడా మాకు దక్కలేదు.

ఊపిరితిత్తులు పాడై ఆక్సిజన్ తగ్గినప్పుడు వాటిలోని రక్తనాళాలు బిగుసుకుంటాయనీ, అక్కడ పెరిగిన పీడనానికి ఎదురుగా రక్తాన్ని నెట్టి నెట్టి గుండె కుడిభాగం ఉబ్బి అలిసిపోతుందనీ, అప్పుడు కాళ్లకు నీరు దిగుతుందనీ, దీనినే కార్ పల్మొనేల్ అంటారనీ ఆ పైఅంతస్తు డాక్టరుగారే ఓపికగా వివరించారు. వివరించి, తమరి వెనుకవైపు ‘కింది విభాగానికి’ అని రాసి సంతకం చేశారు. కిందికి వచ్చేసరికి ఓపీ మూసేశారు. అమ్మ ఒంట్లో ఊపిరితిత్తులకూ గుండెకూ మధ్య లేని గోడను తమరి గడుల్లో కట్టిన మేస్త్రీ ఎవరో సెలవిస్తే ఒకసారి దర్శించుకుంటాం.

స్టెరాయిడ్ మాత్రలతో పెరిగిన షుగరుకు వేరే చీటీ, గుల్లబారిన ఎముకలకు మరొకటి అన్నారు; అవి పై వారానికట. పొగతాగే అలవాటు ఉందా, లేదా అని తమరు అడిగిన ప్రశ్నకు లేదనే టిక్కు పెట్టాం. పెళ్లైన నాటినుంచి గ్యాసు వచ్చేదాకా కట్టెల పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊదిన పొగకు తమరి దగ్గర గడి లేదు.

అమ్మకు రక్తంలో ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం మధ్య ఉంటే చాలనీ, అతిగా ఇస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగత కమ్మవచ్చనీ పాత ఫైలులో ఉంది. వరండాలో మీటరు 90 చూపించగానే, కుర్చీ తోసే కుర్రాడు పాపం కంగారుపడి సిలిండరు పూర్తిగా తిప్పబోయాడు. అతని తప్పేముంది? ఆ అంకె రాసుకోవడానికి నీ మీద చోటు లేదు, పార్కింగు రేట్లు అచ్చు వేయడానికి మాత్రం ఉంది.

ఇక మర్యాదలు చాలు. ఆయాసంతో మాట పూర్తి చేయలేని మనిషిని, నీ మీద ఒక ముద్ర తక్కువైందని మళ్లీ లైను చివరికి పంపించావు. రేపు వస్తున్నాం. ఏ గది నంబరు వేసి ఇచ్చినా సరే, ఆ ఇద్దరు డాక్టర్లూ ఒక్క బల్ల దగ్గర కూర్చుని ఒక్క ఫైలు చూసేదాకా అమ్మ కుర్చీని ఆ తలుపు ముందునుంచి కదిలించను. గార్డును పిలుచుకో.

ఇట్లు,
నీ వెనుక నిలబడి నిలబడి విసిగిన ఒక కొడుకు