యానాంలో మౌనం ఖరీదు

పౌరసత్వం రక్తంలో ఉంటుందని కొందరు, మట్టిలో ఉంటుందని కొందరు గొంతు చించుకుంటారు. పాపం, వీళ్లెవరూ ఇక్కడి ఫ్రెంచి స్థావరాల్ని మనకి అప్పగిస్తూ 1956 మే 28న భారత్, ఫ్రాన్స్ రాసుకున్న ఒప్పందం చదివినవాళ్లు కారు. చదివి ఉంటే పౌరసత్వం ఉండేది ఆరు నెలల గడువులోనని తెలిసేది.

మన యానాం సంగతే చూడండి. 1954 నవంబర్ 1న పాండిచ్చేరి, కారైకాల్, మాహేలతో పాటు అక్కడి పాలన కూడా భారత్ చేతికొచ్చింది. కానీ ఫ్రెంచి పార్లమెంటు తీరిగ్గా ఆమోదముద్ర వేసి, ఒప్పందం అమల్లోకి వచ్చేసరికి 1962 ఆగస్టు 16. పొలం చేతులు మారినా పాలేరు పేరు పాత కామందు పద్దులోనే ఉండిపోయినట్టు, దాదాపు ఎనిమిదేళ్లు పాలన మనది, మనుషులు ఫ్రాన్సువాళ్లు.

ఆ తర్వాత చూపించిన తెలివికి మాత్రం చేతులెత్తి మొక్కాలి. యానాంలో పుట్టి యానాంలోనే ఉంటున్న ఫ్రెంచి జాతీయుడు నోరు మెదపకపోతే భారతీయుడైపోతాడు. ఫ్రెంచివాడిగానే ఉండాలంటే ఒప్పందం అమల్లోకి వచ్చిన రోజు నుంచి ఆరు నెలల్లోగా రాసివ్వాలి. అతని తోడబుట్టినవాడు ఆ రోజుకి ఏ వియత్నాంలోని సైగాన్‌లోనో కాపురముంటే లెక్క తిరగబడుతుంది. అతను నోరు మెదపకపోతే ఫ్రెంచివాడే, భారతీయుడు కావాలంటేనే రాసివ్వాలి. మౌనం అర్ధాంగీకారమని మన పెద్దలు సగంతో సరిపెట్టారు. దౌత్యవేత్తలు దాన్ని పూర్తి అంగీకారం చేశారు, అదీ ఒకే ఇంట్లో రెండు దేశాలకి!

మొగుడి నిర్ణయం పెళ్లానికి వర్తించదనీ రాశారు. ఆ ఒక్క ముక్కలో మాత్రం నిజంగానే కాలానికి ముందున్నారు. పద్దెనిమిది నిండని పెళ్లికాని పిల్లలకి తండ్రి సంతకమే గతి. పదహారు దాటిన కొడుక్కి పెళ్లయి ఉంటే మాత్రం సొంతంగా ఎంచుకోవచ్చు. బాల్యవివాహాల్ని నిషేధించిన శారదా చట్టం తప్పించుకోవడానికి బ్రిటిష్ వైపు నుంచి పిల్లల్ని తీసుకొచ్చి పెళ్లిళ్లు చేసి, యానాంకి కల్యాణపురమని పేరు తెచ్చిన పెద్దలకి ఈ సంగతి చెవిన పడి ఉంటే ఎంత మురిసిపోయేవారో.

అసలు రసవత్తరమైన ఘట్టం పురుడు. ఒప్పందం మాట్లాడిందంతా ఆ స్థావరాల్లో పుట్టినవాళ్ల గురించే. బయట పుట్టిన ఫ్రెంచి జాతీయులు ఫ్రెంచివాళ్లుగానే మిగిలిపోయారు. మరి యానాం కోడలు తొలి కాన్పుకి పుట్టింటికి, అంటే పక్కనే ఉన్న ఇంజరానికి, వెళ్లిందనుకోండి. ఇంజరం బ్రిటిష్ వాళ్లది. పుట్టినవాడు మూడో నెలలో యానాం చేరి, అక్కడే పెరిగి, జీవితంలో ఒక్క ఫ్రెంచి ముక్క పలకకపోయినా ఆ ఒప్పందం అతని జోలికి రాదు. యానాంలోనే పుట్టిన తమ్ముడు మాత్రం దరఖాస్తు పెట్టుకోకుండానే భారతీయుడు. అన్న పారిస్ పాస్‌పోర్టుకి పునాది వేసింది అమ్మమ్మ బాలింతకి తినిపించిన కాయం ముద్దన్నమాట.

ఇప్పటికీ పాండిచ్చేరిలో ఫ్రాన్స్ అధ్యక్షుడికి ఓటేసేవాళ్లున్నారు. కొందరు మనవలు తాత ఆనాడు రాసిచ్చాడా లేదా అని ట్రంకు పెట్టెలు తిరగేస్తున్నారు. తాతని తిట్టుకోకండి నాయనా. ఆరు నెలల్లో మనవాళ్లు గ్యాస్ కనెక్షన్‌కి పేరే మార్పించుకోలేరు, ఆయన దేశం ఎక్కడ మార్పించుకుంటాడు?